గిట్‌ను ఉన్నచోటే బాగుచేయడమా, రస్ట్‌లో కొత్తగా రాయడమా: ఏది మేలు?

"అన్నా, గిట్ మొత్తాన్నీ రస్ట్‌లో తిరగరాసేస్తే పోలా?" తిరుపతిలో ఎస్వీయూ ఇంజినీరింగ్ పిల్లలు ఎప్పుడు కలిసినా ఇదే ప్రశ్న. గిట్ అంటే కోడ్‌లో ఎప్పుడేం మారిందో గుర్తుపెట్టుకునే సాధనం, ఎక్కువగా సీ భాషలో రాసింది; రస్ట్ దానికన్నా కొత్త భాష. పాత సీ కోడ్‌లో చేయిపెట్టాలా, గిట్‌ను రస్ట్‌లో మళ్లీ రాస్తున్న గిట్టాక్సైడ్ లాంటి కొత్తదాంట్లో చేరాలా అన్నది వాళ్ల సందిగ్ధం.

కొత్తగా రాయడంలో సుఖముంది. 2005 నాటి గ్లోబల్ వేరియబుళ్ల బరువు మోయక్కర్లేదు. మెమరీ తప్పులు చాలావరకు కంపైలరే పట్టేస్తుంది. గిట్‌లాంటి మరో సాధనం జుజుట్సు కూడా గిట్టాక్సైడ్‌ను వాడుకుంటోంది, కాబట్టి తీసిపారేసే పని కాదు.

అయినా నా లెక్కలో తేల్చాల్సింది భాష కాదు, టెస్టులు. గిట్‌లో కమిట్లను (దాచుకున్న మార్పులను) మరోచోటికి మార్చి పేర్చే రీబేస్ కమాండునే చూడండి. ఒకప్పుడది షెల్ స్క్రిప్టు, అంటే అడుగడుగునా వేరే కమాండ్లను కొత్త ప్రాసెస్‌లుగా పిలిచే ఫైలు. విండోస్‌లో కొత్త ప్రాసెస్ పుట్టించడం ఖరీదైన పని, అందుకే అక్కడ నత్తనడక నడిచేది. 2018లో వెర్షన్ 2.20కి దాన్ని సీలోకి మార్చారు. గిట్‌తోపాటే ఉండే టెస్టులు కమాండును బయటినుంచి నడిపి ఫలితం చూస్తాయంతే, లోపల షెల్ ఉందా సీ ఉందా వాటికి పట్టదు. పైగా కాన్ఫిగ్‌లో ఒక్క సెట్టింగు మారిస్తే పాత స్క్రిప్టే నడిచేది. గర్భాలయంలో పనులు జరుగుతున్నా బాలాలయంలో పూజలు ఆగవు చూడండి, అలాగన్నమాట.

ఆ టెస్టులే కొత్తవాళ్లూ వాడుకోవచ్చుగా అంటారు. వాడుకోవచ్చు. కానీ ఒక్క రీబేస్ టెస్టు మొదలుపెట్టడానికే కమిట్, బ్రాంచ్, చెకౌట్ అన్నీ పనిచేస్తూ ఉండాలి. సగం కట్టిన టూల్‌కు అవి అక్కరకు రావు.

ఉన్నచోటే మార్చుకుంటూ పోతే నెమ్మదితనం మాత్రం భరించక తప్పదు. పైథాన్ 3 వచ్చింది 2008లో. ఫైళ్లన్నిటినీ బైట్లుగా చూసే మెర్క్యూరియల్ (గిట్‌లాంటిదే, పైథాన్‌లో రాసింది) అందులోకి మారేసరికి పదేళ్లు దాటింది. సీని యంత్రంతో రస్ట్‌గా మార్చే సాధనాలూ ఉన్నాయి గానీ, బయటికొచ్చేది 'అన్‌సేఫ్' (కంపైలర్ మెమరీ తనిఖీలు పూర్తిగా వర్తించని భాగాలు) నిండిన రస్ట్, పేరుకే రస్ట్ గానీ తీరు సీదే. వదిలేయండి.

రస్ట్ నేర్చుకున్నవాళ్లు దిగులుపడక్కర్లేదు. గిట్ 2.52 వెర్షన్‌లో అది ఐచ్ఛికంగా గిట్‌లోకే వచ్చేసింది, 3.0 నుంచి తప్పనిసరి చేయాలని అనుకుంటున్నారు. ఈలోపు పాత టెస్టు స్క్రిప్టులు తెరవండి. ఫైలు ఉందో లేదో 'టెస్ట్ -ఎఫ్'తో చూసేచోట గిట్ సొంత హెల్పర్ పెట్టండి. టెస్టు ఫెయిలైతే ఏ ఫైలు లేదో అదే చెప్తుంది. మీరు పంపే మొదటి ప్యాచ్‌కి (కోడ్ మార్పుకి) ఆ పని చాలు.