నాటుకోడి సూపర్, సింకు కాడ మాత్రం పైలం (2 స్టార్లు)

హన్మకొండల ఉన్న ఫ్యామిలీ రెస్టారెంట్ ఇది. తిండికి వంక పెట్టేది లేదు. బగారన్నం పొడిపొడిగ, నాటుకోడి కూర ఘాటుగ మంచిగున్నది, బోటి కూడ శుభ్రంగ కడిగి వండిండ్రు. పెరుగు చట్నీ ఒక్కటే నీళ్లు నీళ్లు, పోనీ.

తిన్నంకనే అసలు కథ. సింకు కింద పైపు కారుతది, నున్నటి టైల్స్ మీద సబ్బు నీళ్లు అట్లనే నిలిచి ఉంటయి, పైన ఒక తడిసిన గోనెసంచి పడేసిండ్రు, కాలు పెడితే అది గూడ జరుగుతది. మా పెద్దనాయిన అక్కడ్నే జారిపడ్డడు, ముంజెయ్యి ఇరిగింది. మేనేజర్‌ని అడిగితే "అనుకోకుండ అయింది సార్, మేమేం జేస్తం" అంటడు. అనుకోకుండనా? పెద్దనాయిన లేశేటప్పుడే వెయిటర్ "జర చూస్కుంట పోండ్రి సార్, జారుతది" అన్నడు గద! జారుతదని నీ పనోనికే తెలిసినంక ఇంక అనుకోనిది ఏడికెళ్లి వచ్చె?

నేను సుబేదారి లా కాలేజీల చదువుతున్న, జర లెక్చర్ కొడుత, ఓపిక పట్టుండ్రి. నిర్లక్ష్యం కేసుల్ల కోర్టు చూసేది ఇదే, మామూలు తెలివున్న మనిషి గిట్ల దెబ్బ తాకుతదని ముందే పసిగట్టేటోడా కాదా అని. రాజ్‌కోట్‌ల రోడ్డు పక్క చెట్టు ఒక్కసారిగ కూలి నడిచిపోయేటాయన చనిపోతే, 1997ల సుప్రీంకోర్టు కార్పొరేషన్ మీద తప్పు వెయ్యలే, అది ముందుగాల పసిగట్టేది కాదన్నది. ఇంగ్లండ్‌ల అయితే క్రికెట్ బాల్ గ్రౌండ్ దాటి రోడ్డు మీదున్న ఆమెకు తాకింది, అయినా 1951ల క్లబ్బే గెలిచింది, ఎందుకంటే బాల్ గట్ల బయటికి వచ్చుడు 30 ఏండ్లల్ల ఓ 6 సార్లే, అంత అరుదైన దానికి ఏం జేస్తరు. మరి ఈ సింకు? పొద్దుగాల తెరిచినప్పటి సంది రాత్రి షట్టర్ దించేదాక కారుడే, తిన్న ప్రతోడు చెయ్యి కడుక్కోను అక్కడికే పోవాలె, ఒక రబ్బర్ మ్యాట్ ఏస్తే, ప్లంబర్‌ని పిలిస్తే అయిపోయే పని.

"మా పిలగాడు చెప్పిండు గద, ఆయన చూస్కోవాలె" అని గూడ అన్నడు మేనేజర్. చూస్కోవాలె, నిజమే, పెద్దనాయిన అజాగ్రత్త కొంత ఉందని కోర్టు అనుకుంటే పరిహారం కొంత తగ్గించొచ్చు, గని పైపు కారబెట్టుకుంట నోటితోని చెప్పి చేతులు దులుపుకుంటే నడువది.

వినియోగదారుల కమిషన్‌ల కేసు ఏద్దామంటే 2 ఏండ్ల టైం ఉన్నది, కట్టిన పైసలు 5 లక్షల లోపు అయితే ఫీజు గూడ లేదు, మనం తిన్నది అంత కాదు లెండి. పెద్దనాయినే "పోనియ్ బిడ్డా, ఎందుకు లొల్లి" అంటుండు, నేనింక నచ్చజెప్తనే ఉన్న. ఎక్స్‌రే కాయితం, బిల్లు మాత్రం దాచిపెట్టిన.

2 స్టార్లు, రెండూ వంటాయనకే. పార్సెల్ అయితే తెచ్చుకోండ్రి.