మూడు చక్రాల చెక్క బండి: రెండు ఉగాదులు వాడాక

మా పాపకి నడక బండి కొని పదిహేను నెలలయింది. 2024 ఫిబ్రవరిలో, తనకి తొమ్మిదో నెల నడుస్తుండగా కొన్నాం. మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడటం అప్పుడే మొదలుపెట్టింది. క్రోధి ఉగాదికి ఆ బండి పట్టుకుని నాలుగడుగులు వేసింది. మొన్న విశ్వావసు ఉగాదికి అదే బండి మీద వేపపువ్వు గిన్నె పెట్టుకుని వరండా అంతా తిరిగింది. కొన్నప్పుడు రెండు మూడు నెలలు వాడి అటక ఎక్కిస్తాం అనుకున్నాను. ఈరోజుకీ పొద్దున కళ్లు తెరవగానే పాప వెతికేది దాన్నే. ఇలాంటిది కొనాలా వద్దా అని ఆలోచించే అమ్మానాన్నలకి ఉపయోగపడుతుందని, మంచీ చెడూ రెండూ రాస్తున్నాను.

మేముండేది గుంటూరు బ్రాడీపేటలో, మొదటి అంతస్తు వాటా. రెండు గదులు, పొడుగాటి వరండా, పైన డాబా. కొత్తపేట వైపు చెక్క సామాన్లు అమ్మే చిన్న కొట్లో రెండు రకాలు చూపించారు. ఒకటి ఎర్ర, పసుపు రంగులు పూసి నిగనిగలాడుతోంది, 500 రూపాయలు. రెండోది రంగు లేని మామిడి చెక్కది, 650. రంగుది చూడ్డానికి చాలా బాగుంది కానీ దానికి ఏ పెయింటు వేశారో కొట్లో ఎవరూ చెప్పలేకపోయారు. ఇళ్లకి వేసే రంగుల్లో, పిల్లలకి హాని చేసే సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదని మన దేశంలో 2017 నవంబరు నుంచి నియమం ఉంది. ఆ డబ్బా ఏదో తెలియకుండా అంత ధైర్యం చేయలేకపోయాను. ఆ వయసు పిల్లలు ఏది దొరికినా ముందు నోట్లో పెట్టుకునే చూస్తారు కదా. మా బండి పిడి మీద పాప పళ్ల గాట్లు ఇప్పటికీ వరసగా కనిపిస్తాయి. 150 ఎక్కువైనా రంగు లేనిదే తెచ్చుకున్నందుకు ఆ గాట్లు చూసినప్పుడల్లా మనసు నెమ్మదిస్తుంది.

అంతకుముందే మా ఆడపడుచు ఎంతో ప్రేమగా గుండ్రటి ప్లాస్టిక్ వాకర్ తెచ్చిచ్చింది, పిల్ల మధ్యలో కూర్చుని కాళ్లతో నెట్టుకునేది. పిల్లల డాక్టరుగారు అది వద్దన్నారు. అందులో పిల్ల వేలాడుతూ మునివేళ్లతో నేలని తోస్తుందే తప్ప తన బరువు తను మోయదట, తూలినప్పుడు సర్దుకోవడమూ రాదట. పైగా మనం గిన్నె దించి తిరిగేలోపు మెట్ల దాకానో పొయ్యి దాకానో దూసుకుపోతుంది. కెనడాలో 2004 నుంచి అలాంటి వాకర్ల అమ్మకమే నిషేధం. అమెరికాలో పిల్లల వైద్యుల అకాడమీ కూడా వాటిని నిషేధించమని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉంది. ఆడపడుచుకి ఈ సంగతంతా చెబితే తనే ఫోన్లో "అయితే తీసెయ్ వదినా, పిల్ల కంటే ఎక్కువా" అంది. చెక్క బండి తోసేది పిల్ల కాళ్లే. తను ఎంత నడిస్తే అది అంతే వెళ్తుంది. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది ఇదే.

అయితే కొన్నది కొన్నట్టు వాడటానికి లేదు. మొదటి వారంలోనే రెండుసార్లు గుండె ఆగినంత పనయింది. నేల మీద నుంచి లేవడానికి పాప పిడిని తన వైపు లాగితే ముందు చక్రం గాల్లోకి లేచి బండి తన మీదకి వాలింది. రెండోసారి, మా హాల్లో నున్నటి టైల్స్ మీద బండి జర్రున జారి ముందుకెళ్లింది, పిల్ల బోర్లాపడి పెదవి చిట్లింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరం అన్నం తినలేదు.

దీనికి మందు మా అత్తయ్యే కనిపెట్టింది. పాత జీన్సు గుడ్డలో రెండు కిలోల ఇసుక పోసి మూట కుట్టి, ముందు చక్రం పైన ఉండే అడ్డచెక్కకి గట్టిగా కట్టింది. ముందు బరువు పడేసరికి లాగినా లేవదు, తోసినా ఒక్కసారిగా పరిగెత్తదు. జారకుండా ఉండటానికి మా ఆయన సైకిల్ షాపు నుంచి పాత ట్యూబు తెచ్చి, పట్టీలుగా కత్తిరించి మూడు చక్రాల చుట్టూ బంకతో అంటించారు. దాంతో ఇంకో మేలు కూడా జరిగింది. కింది వాటాలో పెద్దాయన మధ్యాహ్నం నిద్రపోయేటప్పుడు పైన గడగడ చప్పుడని ఒకటి రెండుసార్లు చెప్పి పంపారు, ఆయన మాటా న్యాయమే. రబ్బరు వేశాక ఆ చప్పుడు సగానికి తగ్గింది. మీరు కొంటే మాత్రం ఈ రెండు పనులూ మొదటి రోజే చేయండి, మాలాగా పెదవి చిట్లేదాకా ఆగకండి.

బండి పక్కకి తిరగదు, ముందు చక్రం బిగించే ఉంటుంది. గోడ దాకా వెళ్లి ఆగిపోయి ఏడిచేది, మేం వెళ్లి తిప్పేవాళ్లం. కొన్నాళ్లు మా పని అదే. ఓ రోజు పొద్దున నేను కావాలనే వంటింట్లో నుంచి కదలకుండా చూస్తూ నిలబడ్డాను. కాసేపు ఏడ్చింది. తర్వాత పిడి పట్టుకుని కొంచెం పైకి ఎత్తింది, వదిలేసింది, మళ్లీ ఎత్తి పక్కకి జరిపింది. నాలుగైదుసార్లకి బండి మొహం నా వైపు తిరిగింది. తను నవ్విన నవ్వు నేను బతికున్నంత కాలం మర్చిపోను. చక్రం తిరగకపోవడం లోపమని కొన్న కొత్తలో అనుకునేదాన్ని, ఆ పొద్దుటి నుంచి అలా అనుకోవడం మానేశాను.

పదకొండో నెల దాటినా చెయ్యి వదిలి నడవలేదని వచ్చినవాళ్లంతా అడిగేవాళ్లు. "మావాడు తొమ్మిదో నెలకే పరిగెత్తాడమ్మా" అని ఒకావిడ అంటే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. డాక్టరుగారి దగ్గర అడిగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్క చూపించారు. పిల్లలు ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా సొంతంగా నడవచ్చు, అదంతా మామూలే. మా పాప పదమూడో నెలలో, ఎండలు మండే జూన్లో, బండిని వరండా మధ్యలో వదిలేసి వాళ్ల తాత దగ్గరికి నడిచింది. బండి వల్లే నడక వచ్చిందని నేను చెప్పను. నడక ఎలాగూ వచ్చేది. వచ్చేలోపు తనకి రోజంతా చేసుకోవడానికి ఒక పని దొరికింది, మాకు నడుములు మిగిలాయి.

మా ఊళ్లో వసంతం అంటే పొద్దున రెండు గంటలే. ఆరుకి కోయిల మొదలవుతుంది, ఎదురింటి కానుగ చెట్టు లేతాకులు తళతళలాడతాయి, ఎనిమిదయ్యేసరికి డాబా కాలడం మొదలు. అందుకని ఆరున్నర నుంచి ఏడున్నర దాకా డాబా మీద బండి తిప్పడం అలవాటు చేశాం. చెక్క కాబట్టి ఎండకి పిడి చురుక్కుమనదు కానీ ఇరుసు చివర ఇనుప బోల్టులు మాత్రం కాలతాయి, వాటి మీద గుడ్డ చుట్టాను. పిట్టగోడ ఉన్నా డాబా మీద నా చెయ్యి అందే దూరం దాటి తనని ఎప్పుడూ వెళ్లనివ్వను, అక్కడ ఫోన్ ముట్టుకోను.

గుంటూరు కాబట్టి ఒక సంగతి తప్పకుండా చెప్పాలి. ఫిబ్రవరి నుంచే మార్కెట్ యార్డుకి మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగడం మొదలవుతుంది, మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ప్రతి డాబా ఎర్రగా ఉంటుంది. మా అత్తయ్య ఏడాదికి సరిపడా కారం ఇంట్లోనే పట్టిస్తుంది. ఘాటుకి తేజ రకం, రంగుకి బ్యాడిగి రకం మిరపకాయలు కలిపి, తొడిమలు తీసి చాప మీద ఆరబోస్తుంది. ఈ మార్చిలో నేను బట్టలు తీగ మీద వేస్తుంటే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలోనే, బండి నేరుగా చాప మీదకి ఎక్కింది. చక్రాల కింద కాయలు చిట్లి గింజలు రాలాయి, పాప వంగి రెండు చేతులా పట్టుకుంది. కళ్లు నులుముకునేలోపు చేతులు రెండూ పట్టుకోగలిగాను, అది దేవుడి దయ. మిరప మంట నీళ్లకి పోదు, నూనెకి పోతుంది. ముందు కొబ్బరి నూనె రాసి మెత్తటి గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడిగాం. అప్పటికీ అరగంట ఏడిచింది. బండి పిడి, చక్రాల రబ్బరు కూడా అలాగే తుడవాలని మాకు తట్టలేదు. మర్నాడు పిడి పట్టుకుని మళ్లీ మూతి దగ్గర చెయ్యి పెట్టుకున్నాక తెలిసింది. అప్పటి నుంచి మిరపకాయలు ఆరినన్నాళ్లూ బండి డాబా ఎక్కలేదు, అత్తయ్యే ఆ మాట ముందు అంది.

రెండో వసంతానికి బండి పని మారిపోయింది. నడవడానికి దానితో అవసరం లేదు, ఇప్పుడది సామాన్ల బండి. అడ్డచెక్క మీద పాత స్వీటు డబ్బా బిగించి ఇచ్చాం. అందులో రాలిన మామిడి పిందెలు, బట్టల క్లిప్పులు, ఒక ఉల్లిపాయ, అత్తయ్య కళ్లజోడు, ఏది దొరికితే అది ఎక్కిస్తుంది. కూరగాయల బండాయన మా వీధిలోకి రాగానే "టమాటాలో" అని ఆయన గొంతులోనే అరుస్తుంది. ఉగాది పొద్దున డాబా మీదకి వంగిన వేపకొమ్మ నుంచి పువ్వు దులిపి గిన్నెలో పోస్తే, అది ఒలకకూడదని జాగ్రత్తగా వరండాలో నుంచి వంటింటి దాకా తోసుకొచ్చింది. అయినా దారిలో సగం ఒలికింది, మిగిలిన సగంతోనే పచ్చడి చేశాం. శ్రీరామనవమికి మా లైను (వీధి) చివర పందిరి దాకా బండిని నాతో మోయించి, వడపప్పు పొట్లం దాని మీద పెట్టుకుని తిరిగొచ్చింది. ఒంటిపూట బడులు మొదలయ్యాక కింది వాటా పిల్లలు ఇద్దరూ మధ్యాహ్నాలు పైకి వస్తారు. ముగ్గురికీ ఆ ఒక్క బండే. వంతులు వేసుకోవడం మా పాప వాళ్ల దగ్గరే నేర్చుకుంది.

రోడ్డు మీద మాత్రం ఇది పనికిరాదు. మా లైన్లలో స్కూటర్లు, కంకర, మురుగు కాలవల మీద పలకలు. మట్టిలో చక్రాలు కూరుకుపోతాయి, స్టేడియం గ్రౌండుకి ఒకసారి తీసుకెళ్లి ఎత్తుకుని తెచ్చుకున్నాం.

చెక్కకి కొంచెం సేవ కావాలి. వానాకాలంలో చెక్క ఉబ్బి ఎడమ చక్రం బిగుసుకుంది, ఎండ తగిలాక తనే వదులైంది. కొన్న ఆరో నెలలో పిడి కింద పేడు లేచి పాప బొటనవేలికి గుచ్చుకుంది. ఉప్పుకాగితంతో రుద్ది కొబ్బరి నూనె పట్టించాను, అప్పటి నుంచి నెలకోసారి ఒక ఆదివారం చేతితో అంతా తడిమి చూస్తాను. ఒకచోట మేకు తల పైకి వచ్చింది. వడ్రంగి మేకులన్నీ తీసేసి బోల్టులు వేయడానికి 120 తీసుకున్నాడు. కొనేటప్పుడే బోల్టులు ఉన్నది దొరికితే అదే తీసుకోండి, లేకపోతే ఈ ఖర్చు కూడా కలుపుకోండి. రబ్బరు పట్టీలు రెండుసార్లు మార్చాం.

ఇంట్లో మెట్లకి తలుపు లేకపోయినా, పిల్ల వెనక ఒక మనిషి ఉండే వీలు లేకపోయినా నేను కొనమని చెప్పను. చదునైన వరండా ఉండి, పిల్ల తనంతట తను పట్టుకుని లేస్తుంటే కొనండి. లేవకముందే తెచ్చి నిలబెట్టొద్దు.

తెనాలిలో మా తమ్ముడి కొడుక్కి ఇప్పుడు తొమ్మిదో నెల. బండి వాడికి పంపుదామని నిన్న పాపని అడిగితే స్వీటు డబ్బా విప్పి తన దగ్గర పెట్టుకుని, "తమ్ముడికి ఇద్దాం" అంది. కాసేపటికి బండి దగ్గరికి వెళ్లి, ఇసుక మూట మీద చెయ్యి వేసి కూర్చుంది. ఈ ఆదివారం మూట గుడ్డ మార్చి, చక్రాలకి కొత్త ట్యూబు వేసి ఉంచుతాం. తీసుకెళ్లేది ఎప్పుడో తనే చెప్పనీ అని మా ఆయన అన్నారు.