సముద్రపు గాలిలో కారు చక్రాలు: ఐదేళ్లు కడిగాక తెలిసినవి

మా ఇల్లు విశాఖపట్నంలో, సముద్రానికి కిలోమీటరు లోపే. 2017లో కొన్న చిన్న కారు మాది. అల్లాయ్ చక్రాలు కావు, ఇనుప రిమ్ములే. వాటి మీద ప్లాస్టిక్ వీల్ క్యాపులు ఉంటాయి. మూడో వర్షాకాలం దాటాక ఒకసారి క్యాపులు తీసి చూస్తే నట్ల చుట్టూ ఎర్రటి చారలు కనిపించాయి. వెనక మడ్‌గార్డు లోపలి అంచును తడిమితే వేలికి పొరలు పొరలుగా తుప్పు తగిలింది. నెలనెలా శ్రద్ధగా కడిగిస్తున్న కారుకు ఇలా జరిగిందేమిటని చాలా బాధపడ్డాను. 2020 నుంచి చక్రాలు, మడ్‌గార్డుల లోపలి భాగం నేనే కడుగుతున్నాను. ఈ ఐదేళ్లలో ఏది పనికొచ్చింది, ఏది చేటు చేసింది అన్నది ఇక్కడ రాస్తున్నాను.

అంతకుముందు వాటర్ సర్వీసింగ్‌కు తీసుకువెళ్లేవాణ్ణి. అక్కడ కారును ఎత్తి, కింద నుంచి జోరుగా నీళ్లు కొట్టి, చివర్లో అడుగుభాగమంతా డీజిల్ చల్లేవారు. చూడటానికి నల్లగా నిగనిగలాడేది. అయితే మడ్‌గార్డు రేకు అంచు లోపలికి మడిచి ఉంటుంది, బురద పేరుకునేది ఆ మడతలోనే. బయటి నుంచి జోరుగా కొట్టిన నీళ్లు ఆ మట్టిని బయటికి తేవు, ఇంకా లోపలికి దట్టిస్తాయి. సర్వీసింగ్ అయిన మర్నాడు మడతలో వేలు పెట్టి చూస్తే తడి మట్టి ముద్దగా వచ్చింది. ఇక డీజిల్ వల్ల రెండు నష్టాలు. దానికి దుమ్ము అంటుకుంటుంది, సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్షులు ఉబ్బి మెత్తబడతాయి. దయచేసి ఎవరూ డీజిల్ చల్లించకండి.

ఇంట్లో వాడుకోవడానికి ప్రెషర్ వాషర్ కొన్నాను. ఐదేళ్లుగా ఇబ్బంది లేకుండా పనిచేస్తోంది. చక్రం పైన ఉండే ప్లాస్టిక్ లైనరు కడగడానికి బాగుంటుంది. టైరు పక్కభాగానికి, బేరింగుల సీళ్లకు, యాక్సిల్ రబ్బరు తొడుగులకు మాత్రం దగ్గరగా పట్టకూడదు. నేను కనీసం ఒక అడుగు దూరం ఉంచుతాను. మడతల కోసం మామూలు తోట పైపే వాడతాను. కొస కొద్దిగా వంచి, నీళ్లు నెమ్మదిగా వదులుతూ వేలితోనో, సీసాలు కడిగే పొడుగు బ్రష్షుతోనో మట్టి కదిలిస్తే కిందికి జారిపోతుంది. ఒక్కో చక్రానికి పది నిమిషాలు పడుతుంది. డబ్బు పెట్టి కొన్న సామాను కంటే ఈ పది నిమిషాలే నాకు ఎక్కువ ఫలితం ఇచ్చాయి.

నీళ్ల విషయం తెలుసుకోవడానికి ఏడాది పట్టింది. మా బోరు నీళ్లలో ఉప్పదనం ఉంది. ఆరిన రిమ్ము మీద తెల్లటి మచ్చలు కనిపిస్తే షాంపూ సరిగా పోలేదేమో అనుకునేవాణ్ణి. అది ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే నీరవుతుంది. మా ఊళ్లో ఆ మాత్రం తేమ లేని రోజులు తక్కువ. అంటే ఆ మచ్చ ఉన్నచోట ఇనుము దాదాపు ఎప్పుడూ తడిగానే ఉంటుందన్నమాట. ఇప్పుడు బోరు నీళ్లతో బురద వదిలించి, చివరగా ఒక్కో చక్రానికి ఒక బకెట్టు కుళాయి నీళ్లు పోస్తున్నాను. తెల్ల మచ్చలు ఆగిపోయాయి.

చక్రాలు మెరవడానికని దుకాణంలో ఇచ్చిన ఆమ్లపు ద్రావణం ఒక్కసారే వాడాను. రిమ్ము రంగు వెలిసిపోయింది, చక్రం అదరకుండా రిమ్ముకు పెట్టే బ్యాలెన్సింగ్ బరువుల మీద తెల్లటి పొర కట్టింది. ఇప్పుడు మామూలు కారు షాంపూయే చాలుతోంది. బ్రేకు దుమ్ములోని ఇనుప రజనుకు తగిలి ఊదారంగుకు మారే ద్రావణం ఏడాదికి రెండుసార్లు వాడతాను. వాసన ఘాటుగా ఉంటుంది, పని మాత్రం చక్కగా చేస్తుంది. చక్రాలు చల్లబడ్డాక, నీడలో వాడాలి. ఎండిపోనివ్వకుండా రెండు మూడు నిమిషాల్లో కడిగేయాలి.

కడిగిన మర్నాడు బ్రేకు డిస్కులు ఎర్రబడితే కంగారు పడనక్కర్లేదు. అవి రంగు వేయని పోత ఇనుము. నాలుగుసార్లు బ్రేకు నొక్కితే ఆ పైపొర పోతుంది. కడిగి, తడి మీదే హ్యాండ్‌బ్రేకు లాగి వదిలేయడంతోనే చిక్కు. ఆదివారం సాయంత్రం అలా చేసి, సోమవారం ఉదయం వెనక చక్రాలు పట్టేసి కదలక అవస్థపడ్డాను. అప్పటి నుంచి ఉదయమే కడిగి, రెండు మూడు కిలోమీటర్లు నడిపి, మెల్లగా బ్రేకులు వేసి ఆరబెట్టి తెస్తున్నాను.

అప్పటికే పట్టిన తుప్పును కడిగితే పోదు. 2021లో రిమ్ములు విప్పి, గరుకు కాగితంతో మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్ది, జింకు ప్రైమరు, దానిపైన రెండు పూతల రంగు వేశాను. హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు కొసకు) ఆనే భాగం, నట్లు కూర్చునే చోటు వదిలేశాను. అక్కడ రంగు మందంగా ఉంటే నట్లు వదులయ్యే ప్రమాదం ఉంది. మూడు రిమ్ములు ఇప్పటికీ బాగున్నాయి. నాలుగోదానికి పంక్చరు దుకాణంలో కొక్కెంతో తగిలించే బ్యాలెన్సింగ్ బరువును సుత్తితో కొట్టి బిగించారు. రంగు లేచిపోయి సరిగ్గా అక్కడే తుప్పు మొదలైంది. ఇప్పుడు అతికించే బరువులే పెట్టమని అడుగుతున్నాను.

మడతల్లోకి గొర్రె ఉన్ని నుంచి తీసే లానొలిన్ స్ప్రే కొడుతున్నాను. ఏటా మే నెలలో, కడిగి రెండు రోజులు బాగా ఆరాకే కొట్టాలి. తడి మీద కొడితే ఆ తడిని లోపలే మూసేసినట్లవుతుంది. డిస్కులు, ప్యాడ్లు, రబ్బరు భాగాల మీద పడకుండా గుడ్డ కప్పుతాను. డోర్ల కింద నీళ్లు కారిపోయే రంధ్రాలు పూడుకుపోకుండా సన్నటి ప్లాస్టిక్ పుల్లతో చూసుకుంటాను. లానొలిన్ స్ప్రే ధర కాస్త ఎక్కువే అయినా, ఇన్నాళ్లలో ఒక్క సామానే మళ్లీ కొనమంటే దాన్నే కొంటాను.

కుడివైపు రెండు మడ్‌గార్డుల్లో ఐదేళ్లుగా కొత్త తుప్పు లేదు. ముందు ఎడమవైపూ అంతే. వెనక ఎడమ అంచులో మాత్రం పాత తుప్పు రంగు కింద పాకి, నిరుడు చిన్న బుడగలా పైకి లేచింది. రుద్ది రంగు వేశాను, ఈ వర్షాలకు మళ్లీ కొంచెం ఉబ్బింది. వాన తగ్గగానే అక్కడి లైనరు పూర్తిగా విప్పి, రేకు ఎంత లోతు దాకా పాడయిందో చూడాలి.