పాంటియాక్ రూట్ 66 మ్యూజియం: ఓ గంట ఆగాల్సిందే

షికాగో నుంచి సెయింట్ లూయిస్ వైపు కారులో వెళ్తుంటే పాంటియాక్ అనే ఊళ్లో ఆగండి. పాత ఫైర్ స్టేషన్‌లో ఉన్న ఈ మ్యూజియానికి టికెట్ లేదు, తోచినంత విరాళం ఇవ్వొచ్చు. 1926లో పుట్టి, 1985లో అధికారికంగా రద్దయిన రూట్ 66 అనే అమెరికా హైవేను బతికించినవాళ్లకే ఇక్కడి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు. హోటళ్లు, పెట్రోలు బంకులు నడిపినవాళ్లకు ఇంత మర్యాదా అని ముచ్చటేసింది.

అన్నిట్లోకీ నాకు నచ్చింది చిత్రకారుడు బాబ్ వాల్డ్‌మైర్ వాడిన 1972 ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్. ఈయన ఆ దారెంట తిరుగుతూ బొమ్మలు గీసి, పోస్టుకార్డులుగా అమ్మేవాడు. ఇల్లుగా మార్చుకున్న ఆయన స్కూల్ బస్సు కూడా ఉంది. మావాడైతే దాన్ని వదిలి కదల్లేదు, మిగతాదంతా వాడికి బోరే! భవనం వెనక గోడ మీది పెద్ద 66 గుర్తు దగ్గర ఫొటో మాత్రం మర్చిపోకండి.