గరగరమనే బేస్ బాక్స్‌కు ఏది మందు: ఎక్కువ వాట్లా, రెండో బాక్సా, లో కట్టా?

డిసెంబరు వస్తే గుంటూరులో బేస్ గిటార్ వాయించేవాళ్లకు తీరిక ఉండదు. ఒక చర్చిలో సెమీ క్రిస్మస్ ముగిసేలోపే ఇంకో చర్చి నుంచి ఫోన్ వస్తుంది. పోయినేడాది అలాంటి ఒక ప్రోగ్రాంలో, షామియానా కింద రెండో పాట మధ్యలో, లావు తీగ మీటినప్పుడల్లా నా బాక్స్, అంటే బేస్ స్పీకర్ పెట్టె, బర్ర్‌మనడం మొదలుపెట్టింది. డ్రమ్స్ అబ్బాయి ఊపు మీద ఉన్నాడని నేనూ వాల్యూమ్ పెంచాను. గరగర పెరిగింది, బేస్ మాత్రం పెరగలేదు. కీబోర్డ్ తమ్ముడు వెనక్కి తిరిగి, "అన్నా, స్పీకర్ చిరిగిందా?" అన్నాడు.

చిరగలేదు. మర్నాడు ఎవరిని అడిగినా ఒకటే మాట: వాట్లు చాలట్లేదు, పెద్ద యాంప్ (స్పీకర్‌కు పవర్ ఇచ్చే యాంప్లిఫయర్) కొను. నా లెక్కలో అది ఆఖరున చేయాల్సిన పని.

ముందు ఆ చప్పుడు ఎక్కడిదో తేల్చుకోవాలి. చిన్న వాల్యూమ్‌లో కూడా గరగర ఉంటే గెయిన్ (యాంప్‌లోకి వచ్చే సిగ్నల్‌ను పెంచే నాబ్) ఎక్కువైందో, గిటార్‌లో బ్యాటరీ దిగిపోయిందో చూడాలి. గట్టిగా మీటినప్పుడు యాంప్ మీద క్లిప్ లైట్ (శక్తికి మించి అడిగితే వెలిగేది) వెలిగితే తప్పు యాంప్ దగ్గర. అంతా ఆపేసి, స్పీకర్ ముందు కదిలే కోన్‌ను రెండు చేతులతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కినప్పుడు గీరుకుంటున్నట్టు తగిలితే వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) పోయినట్టే, ఇక రిపేరే. ఇవేవీ కాకుండా, లావు తీగ మీటినప్పుడే కోన్ కంటికి కనిపించేంతగా ఎగిరెగిరి పడుతుంటే అది నా కథే.

నాలుగు తీగల గిటార్‌లో లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అయిదు తీగలదైతే 31 దాకా దిగుతుంది. చిక్కంతా ఇక్కడే. శబ్దం అంతే గట్టిగా రావాలంటే స్వరం ఒక స్థాయి దిగినప్పుడల్లా, అంటే హెర్ట్జ్ సగమైనప్పుడల్లా, కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 80 దగ్గర ఒక మిల్లీమీటరు కదిలితే సరిపోయేచోట 40 దగ్గర నాలుగు కావాలి. చాలా స్పీకర్లకు హద్దు ఆ చుట్టుపక్కలే. అది దాటితే కాయిల్ అయస్కాంతం పట్టు నుంచి బయటికి వచ్చేస్తుంది, మనకు బర్ర్ వినిపిస్తుంది. ముందువైపు గొట్టం రంధ్రం ఉన్న బాక్సులకు ఇంకో బలహీనత. అవి ట్యూన్ చేసిన హెర్ట్జ్ కంటే కిందికి వెళ్తే లోపలి గాలి కోన్‌ను ఆపదు.

ఇప్పుడు పెద్ద యాంప్ సంగతి. 300 వాట్ల నుంచి 600కు వెళ్తే దక్కేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 కావాలి. ఆ వచ్చిన 3 కోసం, అప్పటికే హద్దు దాటిన కోన్‌ను ఇంకా నెడతాం. నిజంగా క్లిప్ లైట్ వెలుగుతూ, బాక్స్‌కు ఇంకా ఓపిక ఉంటే తప్ప ఈ ఖర్చు దండగ.

లో కట్, అంటే హై పాస్ ఫిల్టర్, దీనికి నేరుగా ఎదురు దారి. 35, 40 దగ్గర పెడితే దాని కిందిది స్పీకర్‌కు చేరేలోపే తగ్గిపోతుంది. బేస్ పోతుందని అందరికీ టెన్షన్, నాకూ ఉండేది. కానీ లావు తీగలో మనం బేస్ అనుకుని వినేది ఎక్కువగా 41కి రెట్టింపైన 82, ఆపైన ఉండే భాగమే. ఫిల్టర్ పెట్టాక బేస్ మరింత తేటగా వచ్చింది. మిక్సర్ మీద ఉండే లో కట్ బటన్‌ను మాత్రం బేస్‌కు నొక్కకండి. అది మామూలుగా 80, 100 దగ్గర ఉంటుంది, మైకుల కోసం పెట్టింది. ఈ ఫిల్టర్ ఉన్న పెడల్ కొనే ముందు పైసా ఖర్చులేని పని ఒకటుంది: బేస్ నాబ్ తగ్గించడం. దాన్ని 12 డెసిబెల్స్ పెంచితే ఆ అడుగు భాగంలో యాంప్‌ను 16 రెట్ల పవర్ అడిగినట్టు, కోన్‌ను నాలుగు రెట్లు కదలమన్నట్టు. ఆ రోజు నా నాబ్ మూడొంతులు తిరిగి ఉంది. దాన్ని మధ్యకు తెచ్చి, మిడ్ కాస్త పెంచి, బాక్స్‌ను కుర్చీ ఎత్తుకు లేపి ఉంటే సరిపోయేది. నేల మీద ఉన్న బాక్స్ మన మోకాళ్లకు వాయిస్తుంది, చెవులకు కాదు. వినిపించట్లేదని మనం వాల్యూమ్ తిప్పుతూ పోతాం.

అయినా చాలకపోతే అప్పుడు రెండో బాక్స్. అదే మోడల్ ఇంకొకటి కలిపితే పని ఇద్దరికీ పంచినట్టే. 8 ఓమ్‌లవి (ఓమ్‌లు అంటే కరెంటుకు బాక్స్ ఇచ్చే అడ్డు) రెండు కలిస్తే 4 అవుతుంది, యాంప్ కూడా ఎక్కువ పవర్ వదులుతుంది. మొత్తం మీద 6 డెసిబెల్స్ దాకా రావచ్చు. పెద్ద యాంప్ ఇచ్చే 3 ఎక్కడ, ఇదెక్కడ! యాంప్ వెనక కనీసం 4 ఓమ్‌లు అని రాసి ఉందో లేదో చూసుకోండి. 4 ఓమ్‌ల బాక్స్‌కు 8 ఓమ్‌లది జత చేస్తే ఆ హద్దు కంటే కిందికి, 2.67కు పడిపోతుంది, పైగా పవర్‌లో మూడింట రెండొంతులు 4 ఓమ్‌లదానికే పోతుంది.

విజయవాడ ఫంక్షన్ హాళ్లలో రిసెప్షన్ ఆర్కెస్ట్రాలకు అయితే ఈ గొడవే పెట్టుకోను. డీఐ బాక్స్ (గిటార్‌ను నేరుగా మిక్సర్‌కు కలిపే చిన్న డబ్బా) నుంచి లైన్ మిక్సర్‌కు ఇచ్చేస్తాను, జనానికి వినిపించే పని వాళ్ల సబ్‌లు, అంటే అడుగు స్వరాల పెద్ద స్పీకర్లు, చూసుకుంటాయి, నా బాక్స్ నాకు వినిపిస్తే చాలు. చర్చి ప్రోగ్రాంలలో చాలాచోట్ల సబ్‌లు ఉండవు కాబట్టి అక్కడే బాక్స్ మీద భారం.

ఈ డిసెంబరుకు ఫిల్టర్ పెడల్ కొన్నాను. రెండో బాక్స్ కూడా చూసి పెట్టాను గానీ, గిటార్, యాంప్, రెండు బాక్సులు, నేను ఒకే ఆటోలో పట్టం.