గేర్‌బాక్స్ ఒక్కటే దించాలా, ఇంజన్‌తో కలిపి లేపాలా?

క్లచ్ ఉండేది ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యలో, రెండూ విడదీస్తేనే అందుతుంది. అందుకే చిన్న కారుకి క్లచ్ వేయమని ఎవరు తెచ్చినా మా పాలకొల్లు షెడ్డులో ముందు తేల్చుకునేది ఇదే. ఇంజన్ బండిలోనే ఉంచి గేర్‌బాక్స్ కింద నుంచి దించడం ఒక పద్ధతి, రెండూ కలిపి చైన్ బ్లాక్‌తో (గొలుసు కప్పీతో) పైకి లేపి బయట జత చేసి మళ్ళీ కూర్చోబెట్టడం ఇంకోటి. అంబాసిడర్ రోజుల్లో ఇంత తలనొప్పి లేదు, ఇంజన్ బండి పొడుగునా, దాని వెనకాల గేర్‌బాక్స్, చుట్టూ చెయ్యి ఆడేంత జాగా. స్విఫ్ట్ లాంటి వాటిలో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, గేర్‌బాక్స్ దాని పక్కన. గేర్‌బాక్స్ నుంచి ముందుకు పొడుచుకొచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ క్లచ్ ప్లేట్‌లోంచి పూర్తిగా బయటికి వచ్చేదాకా గేర్‌బాక్స్ పక్కకి జరగాలి, జరగడానికేమో అక్కడ జానెడు కూడా ఉండదు.

ఇంజన్ బాగుంటే మాత్రం నా ఓటు కింద నుంచి దించడానికే. కూలెంట్ తీయక్కర్లేదు, ఏసీ పైపుల జోలికి పోనక్కర్లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా ఇంజన్ వైరింగ్ చాలావరకు ముట్టుకోనక్కర్లేదు. పదేళ్ళ బండిలో కనెక్టర్ లాకులు వేడికి పెళుసెక్కి ఉంటాయి, లాగితే విరుగుతాయి, ఆ తర్వాత ఏ లైటు ఎందుకు వెలుగుతోందో వెతుక్కోవాలి. బ్యాటరీ మైనస్ తీసి, గేర్ ఆయిల్ వదిలి, డ్రైవ్ షాఫ్టులు, స్టార్టర్, గేర్ కేబుళ్ళు ఊడదీసి, ఇంజన్, గేర్‌బాక్స్‌లని బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్ విప్పేముందు ఇంజన్‌ని పైన అడ్డ రాడ్డుకి వేలాడదీయాలి. కొన్నిటికి కింది ఫ్రేమ్ కూడా దించాలి.

దించడం సరే, ఎక్కించేటప్పుడే చెమటలు పడతాయి. క్లచ్ ప్లేట్‌ని డమ్మీ షాఫ్ట్‌తో (ఇన్‌పుట్ షాఫ్ట్ కొలతలో ఉండే ఉత్త కడ్డీ) సరిగ్గా మధ్యకి పెట్టకపోతే గంట తోసినా స్ప్లైన్లు, అంటే షాఫ్ట్ మీదా ప్లేట్ లోపలా ఉండే పళ్ళు, దొరకవు. పొడుగు బోల్టులు రెండు తెచ్చి తలలు కోసేసి ఇంజన్ బ్లాక్‌కి పైవైపున్న రంధ్రాల్లో బిగించుకోండి, గేర్‌బాక్స్ వాటి మీద జారుతూ నేరుగా వస్తుంది, పడుకుని మోసే బరువు సగం తగ్గినట్టే. చివర్లో వేలెడు సందు మిగిలితే బోల్టులతో బిగించి లాగొద్దు, క్లచ్‌ని కప్పే గేర్‌బాక్స్ ముందు భాగం, బెల్ హౌసింగ్, పగులుతుంది. క్రాంక్ పుల్లీ నట్టుకి స్పానర్ వేసి కొంచెం తిప్పితే పళ్ళు కలిసి దానంతటదే లోపలికి పోతుంది, రెండిటినీ సరిగ్గా ఎదురెదురుగా నిలిపే డోవెల్ పిన్నులు కూర్చున్నాకే బిగించాలి. ఒకసారి మేం షాఫ్ట్ సగం దూరాక జాకీ దించేసి భోజనానికి వెళ్ళాం, బరువంతా క్లచ్ ప్లేట్ మీద వేలాడి దాని హబ్ (నడిమి భాగం) వంగింది. రివర్స్ వేస్తే కరకర. మొత్తం మళ్ళీ దించాల్సొచ్చింది, ఆ కస్టమర్ ముఖం నాకింకా గుర్తుంది.

మన డెల్టాలో ఇంకో చిక్కు. జూన్‌లో కాలవలు వదిలాక షెడ్డులో తవ్వుకున్న గొయ్యిలో నీరు ఊరుతుంది, దిగి పనిచేయలేం. బండిని స్టాండ్ల మీద ఎత్తాలి, ఒండ్రు నేలలో స్టాండ్లు దిగబడతాయి. కాంక్రీటు గచ్చు లేకపోతే కింద నుంచి పని పెట్టుకోవద్దు, ఇది ప్రాణంతో పని.

అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి తిరిగిన బండ్లు, వరదలో మునిగిన బండ్లు వస్తే నేను రెండో పద్ధతికే వెళ్తా. కింది ఫ్రేమ్ బోల్టులు తుప్పుకి బిగుసుకుపోయి తిప్పగానే తెగుతాయి, ఆ ముక్కలు తీయడానికే పూట పోతుంది. ఇంజన్ ఓవరాలింగ్ ఎలాగూ ఉంటే కూడా రెండూ కలిపి తీయడమే, బయట బల్ల మీద కళ్ళెదురుగా జత చేయడం పది నిమిషాల పని. బానెట్, రేడియేటర్ తీయాలి, ఏసీ కంప్రెసర్‌ని మాత్రం పైపులతో సహా పక్కకి కట్టేస్తే గ్యాస్ పోదు. లోపలికి దింపేటప్పుడు గేర్‌బాక్స్ వైపు కిందికి వాలేలా గొలుసు కట్టాలి, ఒకరు గొలుసు దగ్గర, ఒకరు రేడియేటర్ వైపు, ఒకరు బ్రేక్ పైపుల మీద కన్నేసి. కొన్ని మోడళ్ళకి ఇంజన్ పైకి రాదు, కిందకే దించాలి, అది ముందే చూసుకోండి.

ఏ దారిలో వెళ్ళినా గేర్‌బాక్స్ విడిపోయి ఉన్నప్పుడే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని నొక్కేది), ఫ్లైవీల్ వెనక ఆయిల్ సీల్, డ్రైవ్ షాఫ్ట్ సీళ్ళు మార్పించండి. వాటి ఖరీదు కొంచెమే, వాటికోసం మళ్ళీ విప్పితే లేబర్ మాత్రం మొత్తం పడుతుంది.