పెసరట్టా, దోసా?
బెజవాడకు కొత్తగా వచ్చినవాళ్లు పొద్దున టిఫిన్‌కి ఏం తినమంటారని అడిగితే నేను పెసరట్టే చెప్తాను. దోసె పిండికి మినప్పప్పు, బియ్యం నానబెట్టి రుబ్బి, రాత్రంతా పులియనివ్వాలి. ఆ పులుపులోనే దాని రుచంతా. పెసరట్టుకి ఆ పని లేదు. పెసలు 5, 6 గంటలు నానితే చాలు, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి వెంటనే పోసేయొచ్చు. పెనం మీద పచ్చటి అట్టు అంచులు ఎర్రగా కాలుతుంటే, పైన చల్లిన ఉల్లిముక్కలు, జీలకర్ర వాసన వీధిలోకి వస్తుంది. లోపల ఉప్మా పెట్టి మడిస్తే మధ్యాహ్నం దాకా ఆకలి మాటే ఉండదు. పక్కన తీపీ ఘాటూ కలిసిన అల్లం పచ్చడి ఉండి తీరాలి. కొబ్బరి చట్నీ దోసెకే బాగుంటుంది. కరకరలాడటంలో మాత్రం దోసెదే పైచేయి. పెసరట్టు చల్లారితే మెత్తబడుతుంది, పెనం మీంచి దిగగానే తినేయాలి.